ట్రైలర్ బ్రేకులు: ఆ చిన్న మీట చేసిన పని

కారులోంచి ట్రైలర్ బ్రేకుల్ని నడిపించే టెకాన్షా ప్రాడిజీ పీ3 బ్రేక్ కంట్రోలర్‌లో మిగతా ఫీచర్లన్నీ తీసేసి, పక్కకు జరిపే ఆ చిన్న మీట ఒక్కటి ఉంచినా నేను అంతే డబ్బు పెట్టి కొంటాను. కారు బ్రేకు ముట్టుకోకుండా వెనకున్న ట్రైలర్ బ్రేకుల్ని మాత్రమే వేయించే మీట అది. మేముండేది డాలస్‌లో, వేసవి వస్తే కొలరాడో వెళ్తాం. ఆ దారిలో టెక్సస్ ఉత్తర కొసన ఉండే పాన్‌హ్యాండిల్ గాలి తగిలినప్పుడు గానీ దాని విలువ తెలియదు.

మాది పాత టొయోటా 4రన్నర్, 5,000 పౌండ్లు లాగుతుంది. సామాను, నీళ్లు నింపాక ట్రైలర్ దాదాపు 3,800 పౌండ్లు తూగుతుంది. టెక్సస్‌లో 4,500 దాటితేనే ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి కాబట్టి "నీకెందుకయ్యా ఈ ఖర్చు" అన్నవాళ్లున్నారు. కొలరాడోలో ఆ లెక్క 3,000 దగ్గరే మొదలవుతుంది. రూల్ సంగతి అటుంచండి, బ్రేకుల్లేని ట్రైలర్‌తో దిగుడు దిగితే, బరువుబండి ఎద్దుల మీదికి తోసుకొచ్చినట్టే ఉంటుంది.

ఆ రోజు అమరిల్లో దాటి డాల్‌హార్ట్ వైపు వెళ్తున్నాం. పడమటి నుంచి ఈడ్చి కొట్టే గాలి. పశువుల లారీ ఒకటి ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేసింది. అది పక్కన ఉన్నంతసేపూ గాలికి అడ్డుగా ఉంది. దాటిపోగానే గాలి ఒక్కసారిగా తగిలి, ట్రైలర్ తోక ఊగడం మొదలైంది. అద్దాల్లో ఒకసారి దాని కుడి గోడ, ఇంకోసారి ఎడమ గోడ కనిపిస్తున్నాయి. వెనక సీట్లో పిల్లలు మాటలు ఆపేశారు. ఇలాంటప్పుడు కారు బ్రేకు తొక్కితే ముందు బండి నెమ్మదిస్తుంది, వెనకది తోస్తూనే ఉంటుంది, ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, మీటని నెమ్మదిగా పక్కకి జరిపాను. కారుకి ట్రైలర్‌ని తగిలించే హిచ్ దగ్గర చిన్న కుదుపు, ఆ తర్వాత వెనక్కి లాగుతున్న బరువు. రెండు మూడు ఊపుల్లో ట్రైలర్ మా వెనక తిన్నగా నిలబడింది. "ఏం చేశారండీ?" అని మా ఆవిడ అడిగితే వేలితో మీట చూపించాను, నోట మాట రాలేదు.

అంతకుముందు దాకా హిచ్ పక్కన బిగించిన, రాపిడితో ఊపుని తగ్గించే ఫ్రిక్షన్ స్వే బార్‌నే అందరికీ సిఫారసు చేసేవాణ్ణి. ఇప్పటికీ చేస్తాను, కాకపోతే వర్షంలో తడిస్తే దాని పట్టు తగ్గుతుంది, రివర్స్‌లో గట్టిగా తిప్పాలంటే విప్పాలి. దానికన్నా ముందు చూసుకోవాల్సింది సామాను. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. బరువంతా వెనక సర్దితే ఏ బారూ ఆపలేదు.

కంట్రోలర్‌ని ఇంత పొగిడాను గానీ, అది పంపే కరెంటు చక్రాల దాకా చేరితేనే కదా పని. కిందటేడు తిరుగు ప్రయాణంలో కొలరాడోలోని ట్రినిడాడ్ నుంచి రాటన్ పాస్ అనే కనుమ ఎక్కుతుంటే స్క్రీన్ మీద షార్ట్ అని హెచ్చరిక వచ్చింది. పాస్ ఎత్తు 7,834 అడుగులు, దిగుడంతా ముందే ఉంది. లో గేర్‌లో, హజార్డ్ లైట్లు వేసుకుని, బ్రేకు వేస్తూ వదులుతూ రాటన్ ఊళ్లోకి దిగేసరికి చొక్కా తడిసిపోయింది. అక్కడి మెకానిక్ ట్రైలర్ కింద దూరి చూపించాడు: ఒక చక్రం నుంచి రెండో చక్రానికి వెళ్లే వైరు ఆక్సిల్ గొట్టం లోపల నుంచి వెళ్తోంది. గొట్టం అంచుకి రాసుకుని రాసుకుని పైతొడుగు ఊడి, లోపలి రాగి మెరుస్తోంది. తయారుచేసినవాళ్లు ఆ కన్నానికి వైరు రాసుకోకుండా కాపాడే రబ్బరు గ్రోమెట్ కూడా పెట్టలేదు! ఫోటోలు పంపితే "అరుగుదల వారంటీలో రాదు" అన్నాడు డీలరు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. మెకానిక్ కొత్త వైర్లని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, ఆక్సిల్ బయట నుంచి లాగి జిప్ టైలతో కట్టాడు. మళ్లీ ఆ హెచ్చరిక రాలేదు.

ఇంకొకటి. ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులు వాడేకొద్దీ వదులవుతాయి. వాటంతట అవే సర్దుకునే రకం కాకపోతే కొత్తలో 200 మైళ్లకి, ఆపైన 3,000 మైళ్లకోసారి బిగించాలి. కంట్రోలర్‌లో గెయిన్ నెంబరు (ట్రైలర్ బ్రేకులకి ఎంత కరెంటు పంపాలో చెప్పే సెట్టింగు) పెంచుకుంటూ పోవాల్సి వస్తోందంటే లోపం కంట్రోలర్‌లో కాదు, చక్రాల దగ్గర వెతకండి.

ట్రక్కులో ఫ్యాక్టరీ కంట్రోలర్ ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేదు, అలాంటి మీట వాళ్లకీ ఉంటుంది. చదునైన రోడ్ల మీద మడిచి పెట్టుకునే చిన్న పాప్-అప్ ట్రైలర్ లాక్కెళ్లేవాళ్లకి నా అంత మోజు ఉండకపోవచ్చు. మధ్యరకం ఎస్‌యూవీ, కొండదారులు, వెనక సీట్లో పిల్లలు ఉన్న మాకు మాత్రం ఇదే సరైనది. డ్రమ్ములు తీసేసి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు వేయిద్దామని ఉంది. పీ3లో దానికి తగ్గ మోడ్ ఉంది కాబట్టి కంట్రోలర్ మార్చక్కర్లేదు, కానీ ఆ ఖర్చు మా పెద్దవాడి కాలేజీ ఫీజు తేలాకే.