డీఎన్‌ఏ సీక్వెన్స్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి

ఏడాది చందా మీద అమ్మే డెస్క్‌టాప్ ప్యాకేజీలతో జాగ్రత్త. కొన్ని ప్యాకేజీలు ఫైళ్లను తమ సొంత ఫార్మాట్‌లోనే సేవ్ చేస్తాయి. గడువు తీరితే మీరు గీసుకున్న ప్లాస్మిడ్ (వలయంలా ఉండే చిన్న డీఎన్‌ఏ) మ్యాపులు మీకే తెరుచుకోవు. "ఫాస్టాలోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు" అని అమ్మేవాళ్లు చెప్తారు. ఫాస్టా అంటే సాదా టెక్స్ట్ ఫార్మాట్. అందులో మిగిలేది సీక్వెన్స్ పేరు, అక్షరాలు, అంతే. జీన్లు, ప్రమోటర్లు (జీన్‌ను పనిచేయించే భాగాలు), ప్రైమర్లు (పీసీఆర్‌కు వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఎక్కడున్నాయో గుర్తుపెట్టినదంతా పోతుంది.

అందుకే ట్రయల్‌లోనే, ఈ గుర్తులను కూడా దాచుకునే జెన్‌బ్యాంక్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ పరీక్షించండి. ట్రయల్‌లో ఆ బటన్ పనిచేయకపోతే తాత్కాలిక లైసెన్స్ అడగండి, ఇవ్వనంటే కొనొద్దు. పరీక్షకు పీయూసీ19 అనే ప్లాస్మిడ్ చాలు, 2,686 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) వలయం. రివర్స్ స్ట్రాండ్ (ఎదురు దిశలో సాగే పోగు) మీద ఒక ఫీచర్ (గుర్తుపెట్టిన భాగం), వలయం మొదలూ చివరా కలిసే చోటును దాటేలా ఇంకొకటి పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైల్‌ను యూజీన్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో తెరవండి. రెండు ఫీచర్లూ సరైన దిశలో ఉండాలి. తర్వాత డీఎన్‌ఏను కోసే ఈకో ఆర్‌వన్ ఎంజైమ్‌తో ప్రోగ్రాంలోనే కోసి చూడండి. అది పీయూసీ19ను ఒక్కచోటే కోస్తుంది కాబట్టి ఒకటే ముక్క రావాలి. రెండొస్తే వలయమన్న సమాచారం పోయి, ఫైల్ లీనియర్‌గా మారిపోయినట్టే. అలాంటి ఫైల్‌తో క్లోనింగ్ ప్లాన్ చేస్తే డీఎన్‌ఏ ముక్కలను సైజువారీగా విడదీసే జెల్ మీద ఎప్పటికీ రాని బ్యాండ్ కోసం వెతుక్కోవాలి.

డెమో ఫైళ్లు చూసి మురిసిపోకండి, అవి ఏరి పెట్టినవి. మీ సొంత ఏబీ1 ఫైల్ (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే, ఒక్కో బేస్‌కు ఒక్కో పీక్ చూపే గ్రాఫ్ ఫైల్) వేయండి, అదీ కాస్త చెడ్డది. మొదటి 20-30 బేస్‌లు, చివర్లో పీకులు కలిసిపోయే భాగం ట్రిమ్ చేసినప్పుడు అవి కనబడకుండా పోవాలేగానీ ఫైల్లోంచి చెరిగిపోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకేచోట ఎ, జి పీకులు రెండూ దాదాపు సమానంగా ఉంటే ఏం రాస్తుందో చూడండి. ఆర్ (ఎ లేదా జి అని అర్థం) అని రాయాలి, లేదా కనీసం గుర్తు పెట్టాలి. ఎత్తుగా ఉన్న పీక్ అక్షరం ఒక్కటే రాసేస్తే హెటెరోజైగస్ మార్పు (జీన్ రెండు కాపీల్లో ఒకదానిలోనే ఉన్న తేడా) మీ కంటబడకుండానే పోతుంది.

ప్రైమర్ టీఎం (అది డీఎన్‌ఏ నుంచి విడిపోయే ఉష్ణోగ్రత) లెక్కలో ఉప్పు గాఢత మార్చే వీలుందో లేదో కూడా చూడండి. లేకపోతే మీ బఫర్‌కు ఆ అంకె సరిపోదు.

ఇక లైసెన్స్. చాలావరకు అది కంప్యూటర్ హార్డ్‌వేర్‌కు ముడిపడి ఉంటుంది. డీయాక్టివేట్ చేయకుండా మదర్‌బోర్డు మార్చినా, డిస్క్ ఫార్మాట్ చేసినా కొత్తగా యాక్టివేట్ కాకపోవచ్చు. కంప్యూటర్ మార్చుకోవడానికి ఎన్నిసార్లు ఒప్పుకుంటారో, గడువు తీరాక పాత ఫైళ్లు కనీసం చూడ్డానికైనా తెరుచుకుంటాయో ముందే అడగండి. జవాబు ఫోన్‌లో కాదు, మెయిల్‌లో తీసుకోండి.