జిల్లా ఆసుపత్రా, టెలీ మానసా? క్లినికల్ సైకాలజిస్టుకు ఏది మేలు?

క్లినికల్ సైకాలజీ పూర్తిచేసి ప్రభుత్వ సేవలోనే ఉండాలనుకునే పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యాన్ని పెద్ద మానసిక ఆసుపత్రుల నుంచి జిల్లాకు తెచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ దాన్ని 14416 నంబరుతో ఫోనులోకి తెచ్చింది. వైద్యం చోటు మారిన కొద్దీ మన పని కూడా మారిపోయింది. జీతం, సెలవుల సంగతి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

నా మటుకు తేల్చేది ఒక్కటే: ఒకసారి వచ్చిన మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తాడా?

జిల్లా ఆసుపత్రిలో వస్తాడు. మొదటిసారి అంతా భార్యే చెబుతుంది, అతను తల ఎత్తడు. మూడోసారికి ఆమెను కాసేపు బయట కూర్చోమని తనే అంటాడు. మనం నేర్చుకున్న చికిత్స అసలు మొదలయ్యేది అప్పుడే. మందుల గురించి సందేహం వస్తే సైకియాట్రిస్టును అక్కడికక్కడే అడగవచ్చు.

అక్కడ ఇబ్బందులు లేవని కాదు. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం శిబిరం రోజున పొద్దుటి నుంచి తెలివితేటలు కొలిచే బినే–కామత్ పరీక్షలే. తలుపు బయట పిల్లలను చంకనెత్తుకున్న తల్లులు బారులు తీరి ఉంటారు. ఆ సర్టిఫికెట్ మీదే పింఛను ఆధారపడి ఉంటుంది కాబట్టి పరీక్షను తూతూమంత్రంగా ముగించడానికి మనసొప్పదు. ఆ రోజు చికిత్సకు వచ్చినవారిని వెనక్కి పంపాల్సి వస్తుంది. బృందంలో సోషల్ వర్కర్ పోస్టు ఖాళీ అయితే ఆ పనీ మీ నెత్తినే పడుతుంది.

టెలీ మానస్‌కు ఆసుపత్రి గడప తొక్కని వాళ్లు ఫోను చేస్తారు. అర్ధరాత్రి హాస్టల్ గదిలో గొంతు తగ్గించి మాట్లాడే విద్యార్థికి మరో దారి లేదు. ఆ పని విలువను నేను తక్కువ చేయను. మొదట కౌన్సెలర్లు మాట్లాడి, క్లిష్టమైనవి నిపుణులకు కలుపుతారు. అయితే మామూలు ఫోను కాల్‌లో ముఖం కనబడదు, పరీక్షలు పెట్టలేరు, ఆ విద్యార్థి మళ్లీ చేస్తే మీకే తగులుతాడన్న భరోసా లేదు. చేయి తిరగాల్సిన తొలి ఏళ్లలో ఇది పెద్ద లోటు.

ఎర్రగడ్డలోనో విశాఖ మానసిక ఆసుపత్రిలోనో ఖాళీ పడితే తప్పక దరఖాస్తు చేయండి. ప్రైవేటు సంగతి వేరు.

కొత్తవారికి నేను జిల్లా ఆసుపత్రే చెబుతాను. చేరేముందు సూపరింటెండెంట్‌ను రెండు అడగండి: తలుపు వేసుకోగల గది, వారంలో సదరం పెట్టని రెండు రోజులు. రెండూ కాగితం మీద రాయించుకోండి.