సొంత ప్రోగ్రాములు పబ్లిక్‌లో పెట్టాలా, ప్రైవేట్‌గా ఉంచుకోవాలా: కొన్నేళ్లు రెండూ వాడాక

నేను శ్రీకాకుళంలో ఉంటాను. పగలు హైస్కూల్లో లెక్కలు చెబుతాను, రాత్రి పూట ఇష్టం కొద్దీ ప్రోగ్రాములు రాసుకుంటాను. గిట్‌హబ్‌లో (ప్రోగ్రాముల కోడ్ దాచుకుని, పంచుకునే వెబ్‌సైట్) పబ్లిక్ రిపోలూ (ఎవరైనా చూడగల ప్రాజెక్టు ఫోల్డర్లు) నడిపాను, ప్రైవేట్ రిపోలూ (నేను అనుమతించిన వాళ్లకే కనిపించేవి) నడిపాను. ఇప్పటికీ రెండూ నడుస్తున్నాయి. టెక్కలి, రాజాం వైపు ఇంజనీరింగ్ చదువుతున్న మా పాత విద్యార్థులు కనిపించినప్పుడల్లా అడిగేది ఒకటే. "సార్, ప్రాజెక్టు పబ్లిక్‌లో పెట్టమంటారా, వద్దా?"

నా వాడకంలో తేలింది చెబుతాను. ప్రాజెక్టు మొత్తాన్ని ఒకే ముద్దగా చూసి నిర్ణయించకూడదు. కోడ్ వేరు, అది వాడే డేటా వేరు, పాత కమిట్ల (కోడ్‌లో మార్పుల్ని ఒక్కోసారి భద్రపరిచిన నమోదుల) చరిత్ర వేరు, వచ్చిన వాళ్లతో మాట్లాడే పని వేరు. వీటిలో ఏది తెరవాలి, ఏది మూయాలి అన్నది విడివిడిగా తేల్చుకోవాలి.

నాకు పబ్లిక్ వల్ల నిజంగా మేలు జరిగింది, పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి (అన్ని భాషల అక్షరాలకూ విడి సంఖ్యలిచ్చే ఉమ్మడి పద్ధతి) మార్చే నా ఫాంట్ కన్వర్టర్ విషయంలో. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు సంచికలు ఏళ్ల తరబడి యూనికోడ్ కాని ఫాంట్లలోనే టైపయ్యాయి. ఆ ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఎందుకంటే ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చాయి. తలకట్టు ఒక బొమ్మ, కొమ్ము ఒక బొమ్మ, ఒత్తు ఇంకో బొమ్మ. "ముక్కు"లోని "క్కు" టైపు చేస్తే ముందు క, దానికి కొమ్ము, ఆ తర్వాత కింద ఒత్తు, అంటే కంటికి కనిపించే వరుస. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. అందులో వరుస పలికే తీరులో నడుస్తుంది: క, పొల్లు, మళ్లీ క, చివర కొమ్ము. కాబట్టి ఒక గుర్తుకు ఒక అక్షరం మార్చేస్తే సరిపోదు, ఒత్తుల్ని వెనక్కి జరిపి గుణింతం గుర్తుకు ముందు కూర్చోబెట్టాలి.

ఇది మా స్కూలు సంచికల కోసం మొదలుపెట్టాను. అప్పుడు ప్రైవేటే. మాకున్న ఫైళ్లన్నీ సరిగ్గా మారడం మొదలయ్యాక పబ్లిక్ చేశాను. చాలాకాలం ఎవరూ రాలేదు. తర్వాత వేరే జిల్లాలో ప్రెస్‌లో పనిచేసే ఒకాయన, అదే ఫాంటు పాత వెర్షన్‌లో కొన్ని ఒత్తుల స్థానాలు వేరని చెప్పి, ఏ గుర్తుకు ఏ అక్షరమో చూపే తన పట్టిక మొత్తం పంపారు. ఆ వెర్షన్ నా దగ్గర లేదు, మా ఊళ్లో దొరికేదీ కాదు. నేను ఒక్కడినే తలుపులేసుకుని ఎన్నేళ్లు కూర్చున్నా ఆ పట్టిక నాకు వచ్చేది కాదు. పదిమంది దగ్గర ముక్కలుగా ఉన్న సమాచారం మీద ఆధారపడే పని ఏదైనా సరే, పబ్లిక్‌లో ఉంటేనే పెరుగుతుంది. ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఆ రిపోలో ఫాంటు ఫైలు మాత్రం పెట్టలేదు. అది అమ్మేవాళ్ల సొత్తు. పట్టిక, కోడ్ నావి కాబట్టి అవే పెట్టాను. లైసెన్స్‌గా జీపీఎల్ మూడో వెర్షన్ ఎంచుకున్నాను. ఎవరైనా దీన్ని మార్చి ఇతరులకు పంచితే, తమ సోర్స్‌ని కూడా అదే షరతు మీద ఇవ్వాలి. అలా కొత్త పట్టికలు అందరికీ దక్కుతాయన్నది నా ఆశ. తమ సర్వర్‌లో పెట్టి వెబ్‌సైట్‌గా మాత్రమే నడిపితే ఈ షరతు పట్టదు, దానికి ఏజీపీఎల్ అనే వేరే లైసెన్స్ ఉంది. పిల్లలు చాలామంది లైసెన్స్ ఫైలే పెట్టరు. అది లేకపోతే కోడ్ కళ్లముందున్నా ఎవరికీ వాడుకునే హక్కు రాదు, గిట్‌హబ్‌లో చూడొచ్చు, ఫోర్క్ (తమ ఖాతాలోకి నకలు) చేసుకోవచ్చు, అంతే. ఇవ్వాలని ఉంటే రాసివ్వాలి.

ఇక రెండోది పలాసలో మా బావ నడిపే జీడిపప్పు బట్టీ లెక్కల ప్రోగ్రాం. పిక్కలు కొట్టిన వాళ్లకు, పప్పు పొట్టు తీసిన వాళ్లకు కిలోల లెక్కన కూలి కట్టాలి. పప్పును గ్రేడ్ల వారీగా రాయాలి. 320 గ్రేడ్ అంటే పౌండుకు 300 నుంచి 320 గుండ్లు (విరగని పప్పులు) తూగే పప్పు. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. ఈ లెక్క రాయడం నాకు ఎంతో ఇష్టమైన పని. కానీ పబ్లిక్ అనగానే మా బావ, "ఏటి బావా, ఎవరికెంత కూలిస్తున్నామో ఊరంతా చూడాలేటి?" అన్నాడు. అందులో న్యాయం ఉంది. ఆ కూలి లెక్కలు పనిచేసే ఆడవాళ్ల బతుకు వివరాలు కూడా. వాటిని బయటపెట్టే హక్కు నాకూ లేదు, ఆయనకూ లేదు. డేటాని విడదీసి కోడ్ మాత్రం తెరవచ్చు కదా అంటారు. తెరవచ్చు. కానీ ఆ కోడ్ నిండా ఒక్క బట్టీ అలవాట్లే ఉన్నాయి, ఇంకొకరికి పనికిరాదు. అందుకే ప్రైవేట్. మా స్కూలు పిల్లల మార్కుల విశ్లేషణ కూడా అంతే, దాని మీద చర్చే అక్కర్లేదు.

ప్రైవేట్‌లో నాకు నచ్చింది స్వేచ్ఛ. రాత్రికి రాత్రి సగం కోడ్ పీకేసి కొత్తగా రాసుకోవచ్చు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నచ్చనిది కూడా ఉంది. ఎవరూ చూడరన్న ధైర్యంతో రీడ్‌మీ (ప్రోగ్రాం గురించి వివరించే ఫైలు) రాయబుద్ధి కాదు. పరీక్షల సీజన్ అయ్యాక తిరిగొచ్చి చూస్తే ఏ ఫంక్షన్ ఎందుకుందో గుర్తుండదు. కన్వర్టర్‌కి ఆ ఇబ్బంది లేదు, పరాయివాళ్ల కోసం రాసిన వివరణే నాకూ పనికొస్తోంది.

పబ్లిక్ ఖర్చు డబ్బు కాదు, సాయంత్రాలు. ఒకరు విండోస్ ఇన్‌స్టాలర్ కావాలంటారు, ఇంకొకరు రేపు పుస్తకం ప్రింటుకి వెళ్తోంది అర్జంట్ అంటారు. వాళ్ల టెన్షన్ నిజమైనదే. కానీ ఏప్రిల్‌లో నేను స్పాట్ వాల్యుయేషన్‌లో ఉంటాను. అందుకే కోడ్ తెరిచి ఉంచి, సంభాషణకు హద్దు పెట్టాను. పట్టికలో తప్పులు మాత్రమే తీసుకుంటాను, కొత్త కోరికలుంటే ఫోర్క్ చేసుకోండి, వేసవిలో జవాబులు ఉండవు అని రీడ్‌మీ మొదట్లోనే రాశాను. ఇది మర్యాద తక్కువ పనేమీ కాదు. ప్రపంచంలో దాదాపు ప్రతి ఫోన్‌లో ఉండే ఎస్‌క్యూలైట్ (డేటా భద్రపరిచే ప్రోగ్రాం) కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, అయినా ఆ రాసేవాళ్లు బయటివాళ్ల కోడ్‌ని తీసుకోరు, ఆ సంగతి వాళ్లే బాహాటంగా చెబుతారు. అంత పెద్ద పనికి చెల్లిన నియమం మన చిన్న పనికీ చెల్లుతుంది.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, ప్రైవేట్‌గానే మొదలుపెట్టండి. ప్రైవేట్ నుంచి పబ్లిక్‌కి వెళ్లడం ఒక నిమిషం పని. వెనక్కి రావడం మాత్రం నిజంగా వెనక్కి రావడం కాదు. వచ్చిన స్టార్లు (మెచ్చి పెట్టిన గుర్తులు), వాచర్లు (మార్పుల్ని గమనించేవాళ్లు) శాశ్వతంగా పోతాయి, అప్పటికే ఎవరైనా చేసుకున్న ఫోర్కులు పబ్లిక్‌గానే ఉండిపోతాయి. తెరిచే ముందు పాత కమిట్లు చూడాలి. పాస్‌వర్డ్‌నో ఏపీఐ కీనో (వేరే సేవని వాడేందుకు ఇచ్చే రహస్య సంకేతం) ఒక కమిట్‌లో పెట్టి తర్వాతి కమిట్‌లో తీసేస్తే అది చరిత్రలో అలాగే ఉంటుంది. ఒకసారి బయటపడిన కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి. చరిత్ర మీద అనుమానముంటే కొత్త రిపో తెరిచి, ఇప్పటి కోడ్‌ని ఒకే కమిట్‌గా పెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. మరో సంగతి, ప్రతి కమిట్‌తో మీ ఈమెయిల్ కూడా వెళ్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని దాచే చిరునామా ఇస్తారు, మొదటి కమిట్‌కి ముందే పెట్టుకోండి. ఆడపిల్లలకు ఇది తప్పకుండా చెబుతాను.

డబ్బు సంగతికొస్తే, ఒకప్పుడు గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపోకి నెలనెలా కట్టాల్సి వచ్చేది. 2019 జనవరిలో ఉచితం చేశారు, అప్పుడు ఒక రిపోకి ముగ్గురు సహచరులే. 2020 ఏప్రిల్‌లో ఆ పరిమితి కూడా తీసేశారు. ఇప్పటికీ ఉచిత ఖాతాలో తేడా ఉంది. కోడ్‌ని ఆటోమేటిక్‌గా పరీక్షించే యాక్షన్స్‌కి ప్రైవేట్‌లో నెలకు 2000 నిమిషాలు, పబ్లిక్‌లో మామూలు మెషీన్ల మీద ఆ లెక్కే లేదు. రిపో నుంచి నేరుగా వెబ్‌పేజీ పెట్టుకునే సౌకర్యం ఉచితంగా పబ్లిక్‌కే. నా కన్వర్టర్ పేజీ అలాగే నడుస్తోంది, డీటీపీ అబ్బాయిలు ఫోన్‌లోనే తెరిచి వాడుకుంటున్నారు.

గిట్‌హబ్ నుంచి ఇంకో చోటికి మారాలంటే కోడ్, కమిట్లు మొత్తం గిట్‌లోనే (మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) ఉంటాయి కాబట్టి ఒక్క పుష్‌తో (పంపే ఆదేశంతో) వెళ్లిపోతాయి. ఇష్యూల్లో (రిపోలో ప్రశ్నలు, తప్పులు రాసే చోటు) జరిగిన మాటలు అలా వెళ్లవు. ప్రెస్ ఆయన పంపిన వివరాలన్నీ అందుకే రిపోలోనే ఒక ఫైల్లో రాసిపెట్టాను, ఆయన్ని అడిగి, పేరు వద్దంటే పేరు లేకుండా.