సీరియల్లో షాపు వేరు, వీధిలో షాపు వేరు: లండన్, పారిస్, బీమిష్

లండన్‌లోని సెల్ఫ్‌రిడ్జ్ అనే పెద్ద షాపు కథతో వచ్చిన టీవీ సీరియల్ ‘మిస్టర్ సెల్ఫ్‌రిడ్జ్’ నలభై ఎపిసోడ్లూ చూసేసి, ఆ మోజులో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కి బయల్దేరేవాళ్లకి ముందే చెప్పాల్సిన మాట: ఆ షాపులో ఆ సీరియల్ లేదు. నున్నటి చెక్క కౌంటర్లు లేవు, చేతికి గ్లవ్ తొడిగి బటన్ పెట్టే అమ్మాయిలు లేరు. ఉన్నవల్లా ఖరీదైన బ్రాండ్లకి పంచిచ్చిన గదులు, ఎస్కలేటర్లు, తోసుకెళ్లే జనం. పాతకాలం నుంచి మిగిలింది ఒక్కటే, తలుపు దాటగానే ముక్కుకి తగిలే సెంటు వాసన. సెంట్లూ సింగారం సామాన్లూ లోపల ఎక్కడో దాచకుండా గుమ్మం దగ్గరే పెట్టించిన పుణ్యం ఆ షాపు పెట్టిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్‌దే. ఈ సంగతి తెలియక వెళ్లినవాళ్లు అరగంటలో మొహం వేలాడేసుకుని బయటికొస్తారు. అసలు సీరియలే చూడకుండా వెంటవచ్చినవాళ్ల మొహాల గురించి చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఇలాంటి షాపు సీరియళ్లలో మనల్ని పట్టుకునేది ఏంటి? ప్రేమకథలు కావు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. షాపు పని. పొద్దున్నే కౌంటర్ తుడవడం, పట్టుగుడ్డ ఒక్క విసురుతో పరచడం, షో విండో తెర తీసే ముందు అందరూ ఊపిరి బిగబట్టడం. పాత బట్టల కొట్లో పరుపు మీద కూర్చుని, అరలోంచి తీసి చూపిస్తే తప్ప చీర చూడలేని రోజులు తెలిసిన తెలుగువాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సీరియల్లోని షాపుల్లో మాత్రం ఊరికే లోపలికి రావచ్చు, ముట్టుకుని చూడొచ్చు, కొనకుండా వెళ్లిపోవచ్చు, ధర చీటీ మీద ఉంటుంది, బేరం లేదు, నచ్చకపోతే వాపసు. పారిస్‌లో 1852 తర్వాత ఆరిస్టీడ్ బూసికో తన ‘బాన్ మార్షే’ షాపులో ఈ పద్ధతులన్నిటినీ ఒకచోట చేర్చి పెద్ద ఎత్తున నడిపాడు. లండన్‌లో అదే పనిని 1909 మార్చి 15న సెల్ఫ్‌రిడ్జ్ ఇంకా ఆర్భాటంగా చేశాడు. ఈ సీరియళ్లలో నిజమైన హీరో ఆ ధర చీటీయే.

షూటింగ్ చోట్ల మీద ఆశపెట్టుకోకండి. సెల్ఫ్‌రిడ్జ్ లోపలి భాగం వాయవ్య లండన్‌లోని నీస్డెన్‌లో ఒక గోదాములో వేసిన సెట్టు. షాపు ముందుభాగం కెంట్‌లోని చాతమ్ పాత నౌకా కర్మాగారంలో కట్టారు. చాతమ్‌కి లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో ముప్పావుగంట లోపే. ఓడలూ తాళ్లు పేనే పొడవాటి షెడ్డూ చూడాలనుకుంటే వెళ్లండి, చాలా బాగుంటాయి. సెల్ఫ్‌రిడ్జ్ కోసమైతే వద్దు. బీబీసీ వాళ్ల ఇంకో షాపు సీరియల్ ‘ది పారడైజ్’ (2012-13) సంగతి ఇంకా అన్యాయం. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా 1883లో పారిస్ షాపు మీద రాసిన నవలని ఇంగ్లండ్ ఉత్తరానికి మార్చి, డరమ్ ప్రాంతంలోని లామ్టన్ కోటలో తీశారు. అది ప్రైవేటు ఎస్టేటు, మామూలు సందర్శకులని రానివ్వరు. గేటు దాకా టాక్సీ మాట్లాడుకోవడం డబ్బు దండగ.

మరి లండన్‌లో చూడాల్సింది ఏంటంటే, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో అసలు సెల్ఫ్‌రిడ్జ్ షాపు బయట నిలబడి దాని ముందు గోడ. దాన్ని కూడా సరైన చోట నిలబడి చూడాలి. ఇప్పుడు కనిపించే పొడవాటి స్తంభాల వరస అంతా 1909 నాటిది కాదు. మొదట కట్టింది తూర్పున డ్యూక్ స్ట్రీట్ మూల వైపున్న తొమ్మిదిన్నర స్తంభాల మధ్య ఖాళీలంత మాత్రమే. మిగతాది 1920ల్లో పెరుగుతూ పోయి 1928కి పూర్తయింది. మధ్య ద్వారం మీద అందరూ ఫోటో తీసుకునే గడియారం, దాని కింద కాలదేవత బొమ్మ 1931 నాటివి. అంటే సీరియల్ మొదటి భాగం జరిగే రోజుల్లో ఆ గడియారమూ లేదు, ఆ ద్వారమూ లేదు. బాండ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి డ్యూక్ స్ట్రీట్ మూల నుంచి పడమరకి నడిస్తే ఇరవై ఏళ్ల కట్టడం వరసగా కళ్లముందు నడుస్తుంది. పైసా ఖర్చు లేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకి షాపు తెరవకముందు వెళ్తే పేవ్‌మెంట్ మీద చోటుంటుంది.

ఆదివారం విషయంలో జాగ్రత్త. ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెద్ద షాపులు ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపల ఆరు గంటలే అమ్మకాలు చెయ్యాలి. హైదరాబాద్ అలవాటులో రాత్రి భోంచేసి షాపింగ్‌కి వెళ్దామంటే తలుపులు మూసి ఉంటాయి. డిసెంబర్ శనివారాలు కూడా వద్దు. క్రిస్మస్ విండోలు చూడాలంటే నవంబర్ రెండో సగంలో ఏదైనా మంగళవారం, బుధవారం పెట్టుకోండి.

బసకి పాడింగ్టన్ వైపు మంచిది. హీత్రో నుంచి ఎలిజబెత్ లైన్ నేరుగా వస్తుంది, బాండ్ స్ట్రీట్ అక్కణ్ణుంచి తర్వాతి స్టేషనే. కానీ ఆ చుట్టుపక్కల చవక హోటళ్లు చాలామటుకు పంతొమ్మిదో శతాబ్దపు ఇళ్లని గదులుగా కోసినవి. ఫోటోలో కిటికీ కనిపిస్తుంది. వెళ్తే అది నేల కిందున్న బేస్‌మెంట్ గది కిటికీ, దాంట్లోంచి కనిపించేది చెత్తడబ్బా. పైగది ఇస్తే ఇరుకు మెట్లు నాలుగంతస్తులు. ఇరవై మూడు కిలోల సూట్‌కేసు మోసుకెళ్లి మంచం మీద పెడితే ఇక మనిషి నిలబడ్డానికి చోటుండదు. బుక్ చేసే ముందు అడగాల్సినవి మూడు: లిఫ్ట్ ఉందా, గది ఏ అంతస్తు, బాత్రూమ్ గదిలోనేనా. జవాబు మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట చెల్లదు. పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ కోసం రాత్రికి ఇరవై పౌండ్లు ఎక్కువైనా పెట్టండి. మోకాళ్లు పట్టేసిన అత్తగారితో షాపులు తిరగడం కన్నా అదే చవక. ఒక్క మేలు, లండన్ గదుల్లో కెటిల్ సాధారణంగా ఉంటుంది. ఉప్మా ప్యాకెట్లు పనికొస్తాయి. పారిస్ గదుల్లో కెటిల్ మీద ఆశపెట్టుకోకండి, చిన్నది వెంట పట్టుకెళ్లండి.

ఇక మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది పన్ను వాపసు దగ్గర. ఇది షాపుల మోసం కాదు, మన పాత సమాచారం చేసే మోసం. లండన్‌లో కొంటే ఎయిర్‌పోర్టులో వ్యాట్ వెనక్కి ఇస్తారని బంధువులు ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. ఆ సౌకర్యాన్ని 2021 జనవరి 1 నుంచి ఎత్తేశారు. షాపే నేరుగా ఇండియాకి పార్సిల్ పంపితే వ్యాట్ మినహాయించే వీలుంది గానీ, ఇక్కడ కస్టమ్స్ సుంకం కట్టాలి, లాభం పెద్దగా మిగలదు. బ్యాగో కోటో కొనాలనుకుంటే పారిస్‌లో కొనండి.

ఫ్రాన్స్‌లో పన్ను వాపసు రావాలంటే ఒకే షాపులో కొనుగోలు 100 యూరోలు దాటాలి. బిల్లు చేసేటప్పుడే ‘దెతాక్స్’ అని అడగాలి, పాస్‌పోర్ట్ చూపించాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు, అసలుదే దగ్గర ఉంచుకోండి. బార్‌కోడ్ ఉన్న కాగితం ఇస్తారు. వ్యాట్ 20 శాతమైనా మధ్యవర్తి రుసుము పోను చేతికొచ్చేది సుమారు 12 శాతం. 500 యూరోల బ్యాగుకి 60 యూరోలన్నమాట. ఎయిర్‌పోర్టులో లగేజి చెకిన్‌కి ముందు ‘పాబ్లో’ అనే మెషీన్‌లో ఆ బార్‌కోడ్ స్కాన్ చెయ్యాలి. ఆకుపచ్చ తెర వస్తే పనైనట్టే. ఎరుపు వస్తే కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్లి సరుకు చూపించాలి, అందుకే సూట్‌కేసు అడుగున పెట్టొద్దు.

ఇందులో అసలు గొయ్యి ఇది: పారిస్‌లో కొని, యూరోస్టార్ రైల్లో లండన్ వచ్చి, అక్కణ్ణుంచి హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్లు కాగితం హీత్రోలో చూపించబోతారు. పనికిరాదు. బ్రిటన్ ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి, యూనియన్ దాటే ఆఖరి గుమ్మం పారిస్‌లోని గార్ దు నోర్ స్టేషన్. స్కాన్ అక్కడే, రైలు చెకిన్‌కి ముందే అయిపోవాలి. పైగా సుంకం లేకుండా బ్రిటన్‌లోకి తెచ్చే సరుకుకి మనిషికి 390 పౌండ్ల పరిమితి ఉంది. ఈ గొడవంతా వద్దనుకుంటే మార్గం ఒక్కటే, లండన్ ముందు, పారిస్ చివర, ఇంటికి పారిస్ నుంచే. వీసాలు రెండూ వేరువేరు: బ్రిటన్‌కి ఆరునెలల విజిటర్ వీసా 2025లో 127 పౌండ్లు ఉండేది, ఫ్రాన్స్‌కి కావాల్సిన షెంగెన్ వీసా 90 యూరోలు. లండన్ నుంచి పారిస్‌కి రైలు రెండుంబావు గంటలు. సెయింట్ పాంక్రస్‌లోనే ఫ్రెంచి వాళ్లు పాస్‌పోర్టులు చూస్తారు, 2025 అక్టోబర్ నుంచి వేలిముద్రల పద్ధతి మొదలైంది, కనీసం గంటన్నర ముందుండండి.

పారిస్‌లో మాత్రం సీరియల్ కళ్లముందుకొస్తుంది. ముందు సెవ్ర్-బాబిలోన్ స్టేషన్‌లో దిగి బాన్ మార్షే చూడండి. జోలా తన నవల కోసం నోట్‌బుక్ పట్టుకుని తిరిగిన షాపుల్లో ఇదొకటి. 1869లో మొదలెట్టిన కట్టడం, ఇనుప పనిలో ఐఫెల్ కంపెనీ చెయ్యి ఉంది. తల పైకెత్తితే ఇనుప చట్రాల మీద గాజు కప్పు, దాంట్లోంచి దిగే వెలుతురు. గుడ్డ రంగు దీపం కింద కాకుండా పగటి వెలుగులో చూసి కొనడానికి ఈ ఏర్పాటు. మధ్యలో అడ్డంగా దూకే తెల్ల ఎస్కలేటర్ 1990 నాటిది, దాన్ని చూసి పాతదనుకోకండి. విసుగొచ్చిన భర్తలకి పక్కనే బూసికో పేరుతో చిన్న పార్కు, బెంచీలు, పిల్లలకి ఆటస్థలం. ఇంత కరుణ ఇంకే షాపు దగ్గరా లేదు.

అక్కణ్ణుంచి 12వ లైన్ మెట్రో ఆరో స్టేషన్‌కి సెంట్ లజార్‌లో దింపుతుంది, నడిస్తే గాలరీ లాఫయెట్ షాపు. 1912 నాటి రంగుటద్దాల గోపురం 43 మీటర్ల ఎత్తు. కింద నుంచి చూడటం సగం ఆనందమే, మూడో అంతస్తు బాల్కనీ నుంచి చూడండి, ఆ తర్వాత పైకప్పు మీదికి వెళ్లండి, టికెట్ అక్కర్లేదు. ఒకప్పుడు కింద గొప్ప మెట్లదారి ఉండేది, 1974లో పీకేశారు. ఆ లోటు తీర్చుకోవాలంటే 7వ లైన్‌లో నాలుగు స్టేషన్లు వెళ్లి సమారితెన్ అనే షాపులో మెట్లు ఎక్కండి. 2005లో మూసి 2021లో మళ్లీ తెరిచారు. పై అంతస్తులో గోడలంతా నెమళ్లు. ఈ మూడు షాపులకీ చేరడానికి మెట్రో ఖర్చు మూడు టికెట్లు, 2025 ధరలో 7.50 యూరోలు. ఆకలేస్తే షాపుల్లోని రెస్టారెంట్లు వదిలేసి గార్ దు నోర్ వెనక లా షాపెల్ వైపు వెళ్లండి, శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె దొరుకుతుంది.

అన్నిటికంటే మిన్న మాత్రం ఎవరూ చెప్పని చోటు: ఉత్తర ఇంగ్లండ్‌లో, పాతకాలపు ఊరిని మళ్లీ కట్టి చూపించే బీమిష్ మ్యూజియం. రానివ్వని లామ్టన్ కోటకి దగ్గర్లోనే. ఆన్‌ఫీల్డ్ ప్లెయిన్ అనే ఊరి కోఆపరేటివ్ స్టోర్‌ని అక్కడ మళ్లీ నిలబెట్టారు. కిరాణా ఒకవైపు, బట్టలు ఒకవైపు, ఇనప సామాను ఒకవైపు. చెక్క కౌంటర్లు, సొరుగులు, కట్టె కుర్చీలు. కౌంటర్లో కట్టిన డబ్బు తల మీదుగా క్యాషియర్ గదికి వెళ్లి చిల్లరతో తిరిగొచ్చే ఏర్పాటు కూడా ఉంది. ప్రతి కౌంటర్లో గల్లాపెట్టె పెట్టి కుర్ర గుమాస్తాల చేతికి డబ్బు ఇవ్వడం యజమానులకి ఇష్టంలేక పుట్టిన ఉపాయం అది. సీరియల్లో రెండు క్షణాలు చూపించి వదిలేసేదాన్ని ఇక్కడ నింపాదిగా చూడొచ్చు. ఆనాటి బట్టల్లో ఉన్న సిబ్బందిని ఏదడిగినా విసుక్కోకుండా చెప్తారు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ముఖం ముడుచుకున్నవాళ్లు కూడా ఇక్కడ ట్రామ్ ఎక్కగానే తేరుకుంటారు.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి న్యూకాజిల్‌కి రైలు మూడు గంటలు. టికెట్ ముందే కొనండి, ఆ రోజు కౌంటర్లో కొంటే గుండె గుభేలుమంటుంది. న్యూకాజిల్ నుంచి 28 లేదా 28ఏ బస్సు, ఎక్కడ దిగినా 3 పౌండ్లు దాటదు. మ్యూజియం టికెట్ ఒకసారి కొంటే ఏడాదంతా చెల్లుతుంది. చలికాలంలో కొన్నిరోజులు మూసి ఉంటుంది, తేదీ చూసుకుని వెళ్లండి. బొగ్గు పొయ్యి మీద వేయించే చేపలూ చిప్సూ దొరికే కొట్టు ముందు క్యూ కనబడుతుంది. శాకాహారులూ, గొడ్డుమాంసం తిననివాళ్లూ ఆ క్యూలో నిలబడకండి. అక్కడ బంగాళాదుంప ముక్కల్ని కూడా గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. పులిహోర డబ్బా వెంట పట్టుకెళ్తే ఎండ ఉన్నరోజు పచ్చిక మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.