బాస్ గాలం సెట్టు, మన కొర్రమట్ట చెరువు

దసరా ఆఫర్లో రూ.5,800 పెట్టి ఒక ‘బాస్ కాంబో’ తెప్పించాను. ఆరున్నర అడుగుల రాడ్డు, బెయిట్‌కాస్టింగ్ రీలు, 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం, ఒక డబ్బా నిండా ప్లాస్టిక్ ఎరలు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సామాను నాలుగైదు పేర్లతో ఆన్‌లైన్లో దొరుకుతోంది. ఒక పేరు రాస్తే మిగతావి మంచివేమో అనుకుని కొనేస్తారు. దసరా సెలవుల నుంచి కార్తీక పౌర్ణమి దాటేదాకా దీన్ని చెరువు మీద వాడాను. ముందే చెప్పేస్తాను: రాడ్డూ, డబ్బాలోని రబ్బరు కప్ప ఎరా బంగారం. రీలుకు కాస్త చేతిపని చేసుకుంటే నడుస్తుంది. డబ్బాలో మిగతా సరుకు మనకు దండగ.

బాస్ అంటే అమెరికా చెరువుల చేప. అక్కడ ఆ ఒక్క చేప చుట్టూ పెద్ద వ్యాపారమే ఉంది. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైమాటే. ఆ రికార్డును ఇప్పటికీ దాటినవాళ్లు లేరు. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో ఒకాయన దానికి సమానంగా పట్టాడు, అంతే. మన హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో ఆ చేప లేదు. మనకున్నది కొర్రమట్ట, తెలంగాణ రాష్ట్ర చేప. రెండూ వేటాడి తినేవే, పెద్ద నోటివే, గడ్డి చాటున కాపు కాసి మీద పడేవే. ఆ పోలిక పట్టుకునే బాస్ సామాను ఇక్కడ అమ్ముతున్నారు. పోలిక ఎక్కడ తెగిపోతుందో మాత్రం పెట్టె మీద రాయరు.

నేను బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాను. సెలవు దొరికితే బోయిన్‌పల్లి, అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాటి ఒక ఊరి చెరువుకు పోతాను. ఆ ఊరి పేరు అడగొద్దు. చెరువు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంది. వాళ్లకు రోజుకింత అని కట్టి గాలం వేస్తాను. పడిన చేప సంఘానిదే, ఇంటికి తీసుకుపోవాలంటే తూకం వేయించి కొనుక్కోవాలి. ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను: సంఘం చెరువులో అడగకుండా గాలం వేయడం దొంగతనమే. రాడ్డు ఎంత ఖరీదుదైనా సరే.

ఇక కాలం సంగతి. వానాకాలం అయిపోయింది కదా, చేపలు బాగా పడతాయి అనుకుంటారు చాలామంది. నిజానికి ఈ రెండు నెలలే అన్నిటికన్నా కష్టం. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుడితే ఇక్కడ రెండు రోజులు ముసురు. పొలాల మట్టి అంతా వచ్చి చెరువు నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. నీళ్లు పెరిగి ఒడ్డున ఉన్న తుమ్మచెట్లు మొదళ్ల దాకా మునుగుతాయి. ఎండాకాలంలో గుంటల్లో ఒకచోట ఉండే కొర్రమట్టలు మునిగిన గడ్డిలోకి, వరి మళ్ల అంచుల్లోకి చెల్లాచెదురవుతాయి. ముసురు వెళ్లగానే ఆకాశం నీలంగా తేటపడి ఈశాన్యం గాలి మొదలవుతుంది, గుర్రపుడెక్క మొత్తం కొట్టుకొచ్చి మనం నిలబడే కట్ట వైపే చేరుతుంది. పైగా సద్దుల బతుకమ్మ అయ్యాక వారం దాకా ఘాట్ దగ్గర గునుగు, తంగేడు పూలు తేలుతూనే ఉంటాయి. చూడడానికి అందంగా ఉంటుంది. గాలం వేసేవాడికి మాత్రం నరకం.

పెట్టెలో ఒక కాగితం పెట్టారు, ఆకురాలు కాలంలో బాస్ ఎలా పట్టాలో చెబుతూ. అందులో ఉన్నది తప్పు కాదు, కానీ అది అక్కడి నీళ్ల సంగతి. అక్కడి లోతైన సరస్సుల్లో ఎండాకాలమంతా పైన వేడినీరు, అడుగున చల్లనీరు వేర్వేరు పొరలుగా ఉంటాయి. చలి మొదలవగానే పైనీరు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగు నీరు పైకి వచ్చి అంతా కలిసిపోతుంది. కొన్నాళ్లు నీళ్లు మురికిగా మారతాయి, చేప ఎక్కడుందో అంతుపట్టదు. తర్వాత చిన్న చేపల గుంపులు పాయల్లోకి మళ్లితే బాస్ వాటి వెంట పోతుంది. కాబట్టి వేగంగా లాగే ఎరలతో ఎక్కువ నీళ్లు గాలించాలి అని ఆ కాగితం చెబుతుంది. మన ఊరి చెరువు రెండు నిలువుల లోతు కూడా ఉండదు, గట్టిగా గాలి వీస్తే పైదీ కిందదీ కలిసిపోతుంది. కొర్రమట్ట ఏ గుంపు వెంటా పోదు. ఒంటరిగా ఒక డెక్క కింద కూర్చుంటుంది.

అసలు తేడా ఊపిరిలో ఉంది. బాస్ నీళ్లలోని ప్రాణవాయువు మీదే బతుకుతుంది. కొర్రమట్ట అలా కాదు, కొంతసేపటికొకసారి పైకి వచ్చి గాలి మింగాల్సిందే, రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నీళ్లు ఎంత మురికైనా, ఎంత మట్టిగా ఉన్నా అది తన జాడ తనే చెబుతుంది. గుటుక్కుమని చిన్న చప్పుడు, తర్వాత నాలుగు బుడగలు. అక్కడికి రెండు మూడు అడుగుల అవతల కప్పను విసిరి దాని నెత్తి మీదుగా లాగాలి. అందుకే ఈ పెట్టెలో నాకు పనికొచ్చిన ఎర కప్ప ఒక్కటే.

లోపల బోలుగా ఉండే మెత్తని రబ్బరు కప్ప ఇది, 14 గ్రాములు. రెండు కొక్కేలు పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉంటాయి, కాబట్టి డెక్క మీద లాగినా, గునుగు పూల మీద లాగినా చిక్కుకోదు. చేప కరిచినప్పుడు బొమ్మ అణిగి కొక్కేలు బయటికొస్తాయి. మా చెరువు సంఘంలో ఒక కాకా ఉన్నాడు. చిన్నప్పటి నుంచి బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చి, బొంగు కర్రతో కొర్రమట్టలు పట్టినవాడు. దీన్ని చేతిలోకి తీసుకుని నొక్కి చూసి, “తమ్మీ, గిది చూస్తే కొర్రమట్టకు నవ్వొస్తది” అన్నాడు. ఆ మధ్యాహ్నం కిలోంపావు చేప డెక్క చీల్చుకుని లేచి దీన్ని మింగాక, “ఇంకోటి ఉంటే ఇచ్చి పో” అన్నాడు. ఇచ్చాను. పెట్టెలో రెండు వస్తాయి: ఒకటి ఆకుపచ్చ, ఒకటి నలుపు. మట్టి నీళ్లలో నలుపే మేలు. కింద నుంచి చూసే చేపకు ఆకాశం వెలుతురులో దాని ఆకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయనకు ఆకుపచ్చది ఇచ్చాను లెండి.

లోపాలు లేవని కాదు. కొక్కేలు మొద్దుగా వచ్చాయి. కొర్రమట్ట నోరు గట్టి ఎముక, కొక్కెం గోరు మీద జారకుండా ఆగేంత పదును ఉండాలి. నేను సన్నటి ఆకురాయితో రెండు వైపులా రాసుకున్నాను. ఇంకోటి, పళ్లు దిగిన చోట చిల్లు పడి లోపలికి నీళ్లు చేరతాయి. విసిరే ముందు పిండుకోకపోతే కప్ప మునుగుతుంది. చిల్లు పెద్దదైతే సైకిల్ ట్యూబుకు వాడే సొల్యూషన్ దీనికి సరిగా అతకదు, వేడి చేసిన స్క్రూడ్రైవర్ మొనతో అంటించుకోవాలి. ఇంకొక్క మాట, ఇది ఎరది కాదు, పట్టేవాడిది: నీళ్లు పేలగానే రాడ్డు ఎత్తేయొద్దు. ఒక్క క్షణం ఆగి, దారం బిగిశాక లాగాలి. లేదంటే కప్ప వచ్చి మన మొహానికే తగులుతుంది.

రీలు దగ్గర నా చేతి దురద ఊరుకోలేదు, విప్పేశాను. పెట్టె మీద 12+1 బేరింగులు అని ఉంది. లోపల బాల్ బేరింగులు ఐదు, మిగతావి నైలాన్ బుష్షులు. అబద్ధమే, కానీ ఈ ధరలో ఐదు చాలు. పెద్ద గేరు ఇత్తడిది, పళ్లు శుభ్రంగా కోశారు, వదులు లేదు. ఒకసారి పిడి తిప్పితే స్పూలు, అంటే దారం చుట్టుకునే చక్రం, 7.2 సార్లు తిరుగుతుంది. కప్ప వేటలో ఆ వేగం అవసరం. చేప తగలగానే దారం చుట్టేయాలి, లేకపోతే అది డెక్క వేళ్లలోకి దూరి ముడిపడిపోతుంది. స్పూలు బేరింగుల నిండా గ్రీజు కుక్కి పంపారు, అందుకే కొత్తలో దూరం పోదు. పెట్రోలులో కడిగి, కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేస్తే తేడా మొదటి విసురులోనే తెలుస్తుంది.

ఈ రకం రీళ్లకు అందరూ భయపడేది దారం చిక్కుకు. ఎర గాల్లో నెమ్మదించినా స్పూలు వేగంగా తిరుగుతూనే ఉంటే, వదులైన దారం పిచ్చుక గూడులా చుట్టుకుపోతుంది. దానికే పక్కన అయస్కాంతం బ్రేకు ఉంటుంది. స్పూలు అల్యూమినియంది, అయస్కాంతానికి అంటుకోదు. కానీ అయస్కాంతం ముందు అది తిరుగుతుంటే అందులో కరెంటు పుట్టి, తిరగడాన్నే అడ్డుకుంటుంది. ఎంత వేగంగా తిరిగితే అంత పట్టు. ఈ రీలులో ఆ బ్రేకు 0 నుంచి 10 దాకా ఉంది, కానీ 6 దాటాక ఏమీ మారడం లేదు. ఎదురుగాలి రోజు 6 మీద పెట్టి, బొటనవేలు స్పూలు మీద ఆనించి ఉంచడం తప్ప దారి లేదు. కార్తీకంలో గాలి ఎప్పుడూ ఎదురే కాబట్టి ఈ లోపం చిన్నదేం కాదు. రీళ్లు కొత్తగా పట్టేవాళ్లు దీని జోలికి పోకుండా మామూలు స్పిన్నింగ్ రీలు తీసుకోండి, విసిరేటప్పుడు దాని స్పూలు తిరగదు, టెన్షన్ ఉండదు.

దారం బాగుంది. నలభై పౌండ్లు అంటే పద్దెనిమిది కిలోలు. రెండు కిలోల చేపకు అంత ఎందుకంటే, మనం లాగేది చేపను ఒక్కదాన్నే కాదు, దానితోపాటు గంపెడు గుర్రపుడెక్కను. నైలాన్ దారం సాగుతుంది, ఇది సాగదు, డెక్క కాడలను కోసుకుంటూ వస్తుంది. స్పూలు మీద నేరుగా చుడితే మాత్రం జారుతుంది. కింద కొంచెం నైలాన్ చుట్టి దాని మీద కట్టండి.

ఇక క్రాంక్‌బెయిట్. చిన్న చేప బొమ్మ, మూతి దగ్గర ప్లాస్టిక్ నాలుక, పొట్ట కింద మూడు ముళ్ల కొక్కేలు రెండు. లాగితే నీళ్లలోకి మునిగి కొట్టుకుంటుంది. అమెరికాలో ఈ కాలానికి ఇదే మొదటి ఎర అట. మన చెరువు అడుగున ఏముంటుందో తయారు చేసినవాడికి తెలియదు పాపం. వినాయక నిమజ్జనం అయిన నెల రోజులకు నీళ్ల కింద ఉండేవి ఇనుప చువ్వలు, వెదురు బద్దలు, కొబ్బరి పీచు తాళ్లు, సగం కరిగిన ప్లాస్టర్ చేతులు. అది కాకపోతే తుమ్మకొమ్మ. అదీ కాకపోతే సంఘం వాళ్లు కట్టిన వల. ఈ మూడు ముళ్ల కొక్కెం వలకు పడితే వల కోయాలి, కోస్తే డబ్బు కట్టాలి. ఇప్పుడు సర్కారు ఇచ్చిన బొచ్చె, రవ్వ పిల్లలు చెరువులో వదిలే రోజులు, సంఘం వాళ్లు అసలే కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాస్తుంటారు. డబ్బాలో నాలుగు క్రాంక్‌బెయిట్లు ఇచ్చారు. నాలుగూ దండగ.

స్పిన్నర్‌బెయిట్ అనే ఎరకున్న రేకు తిరిగి నీళ్లలో అదురు పుట్టిస్తుంది. మట్టి నీళ్లలో చేప తన ఒంటి పక్కన ఉండే గీతతో ఆ అదురును పసిగడుతుంది కాబట్టి ఆలోచన మంచిదే. డెక్క లేని తూము దగ్గర పని చేసింది కూడా. మిగతా చోట్ల ప్రతి విసురుకూ నాచు చుట్టుకొచ్చింది. రబ్బరు వానపాముల సంగతి: వాటిని క్రాంక్‌బెయిట్లతో ఒకే అరలో పెట్టి పంపారు. రబ్బరులోని నూనె ప్లాస్టిక్ రంగును కరిగించి అన్నీ ముద్దయ్యాయి. మీరు కొంటే రాగానే విడదీయండి.

రాడ్డు గురించి ఎక్కువ చెప్పేది లేదు, ఎందుకంటే వంక పెట్టడానికి ఒకటే దొరికింది. రెండు ముక్కలు, నడుము గట్టి, కొన మాత్రం కప్పను ఆడించేంత మెత్తన. అతుకు వదులైతే కొవ్వొత్తి రాస్తే సరిపోతుంది. ఆ ఒక్క వంక: కొన నుంచి రెండో రింగులో పింగాణీ ఊడిపోయింది. ఊడిన రింగు అంచు మీద బ్రెయిడ్ రాసుకుంటే దారమే తెగుతుంది. అమ్మినవాళ్లకు ఫొటో పంపితే రాడ్డు మొత్తం వెనక్కి పంపమన్నారు, కొరియర్ ఖర్చు నాదేనట. రింగుకు రాడ్డెందుకని అడిగితే జవాబు రాలేదు. పాత రాడ్డు రింగు తీసి, దారం చుట్టి, ఎపాక్సీ పూసి నేనే బిగించుకున్నాను.

ఈ కాలంలో వాడబోయేవాళ్లకు వేళ గురించి ఒక మాట. ఎండాకాలంలోలాగా తెల్లారకముందే పరుగెత్తకండి. నవంబరులో పొద్దున నీళ్లు చల్లగా ఉంటాయి, కొర్రమట్ట మందకొడిగా ఉంటుంది, గాలికి పైకి రావడం కూడా తగ్గిస్తుంది. పది దాటి, కట్ట పక్కన లోతు తక్కువ నీళ్లకు ఎండ తగిలాక కప్ప వేయండి. ఆలస్యంగా పెట్టిన పిల్లల గుంపు అక్టోబరులో కూడా అక్కడక్కడ ఎర్రగా తేలుతూ కనిపిస్తుంది. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, కప్ప వేస్తే కోపంతో తప్పకుండా కరుస్తాయి. అక్కడ వేయొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లలను జిలేబి చేపలు పూటలో ఖాళీ చేస్తాయి.

మొత్తం పెట్టెకు ఐదులో రెండున్నర ఇస్తాను. రాడ్డుకు విడిగా అయితే నాలుగు. ఇదే రాడ్డు ఒక్కటే రూ.2,000 లోపు దొరుకుతోంది. దానికి ఒక మోస్తరు స్పిన్నింగ్ రీలు, వంద మీటర్ల బ్రెయిడ్, రెండు నల్ల కప్పలు కలుపుకుంటే నేను పెట్టిన డబ్బులో వెయ్యికి పైగా మిగులుతుంది. ఆ వెయ్యి సంఘానికి కట్టే రుసుముకు ఉంచుకోండి.