మయన్మార్ విషయంలో ఆంక్షలు పొడిగించడం మేలా, మాట్లాడుతూ ఉండటం మేలా?

హన్మకొండలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్తాను. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే ఒకటే ప్రశ్న, ఎందుకంటే యూరోపియన్ యూనియన్ మయన్మార్ మీద ఆంక్షల గడువు పెంచేది ఆ నెలాఖరులోనే. "సార్, ఇన్నిసార్లు పొడిగించినా అక్కడి సైన్యం గద్దె దిగలేదు కదా, మన ఇండియాలాగా మాట్లాడుతూ ఉండటమే నయం కదా?" 2021 ఫిబ్రవరి 1న ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి అక్కడి సైన్యం అధికారం గుంజుకుందని అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయానికొస్తా.

మాట్లాడాలనే వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మనకు వాళ్లతో 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. బయటి నుంచి మనం కొనే మినుముల్లో ఎక్కువ భాగం అక్కడివే, అంటే వరంగల్‌లో పొద్దున తినే ఇడ్లీ దాకా ఈ లెక్క వస్తుంది. 2022 డిసెంబర్‌లో మయన్మార్‌లో హింస ఆపాలన్న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానం మీద ఓటింగ్‌కి ఇండియా దూరంగా ఉండిపోవడం వెనక ఇలాంటి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ మాటలతో వచ్చిన చిక్కేంటంటే వాటికి గడువు ఉండదు. 2021 ఏప్రిల్‌లో జకార్తాలో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాలు మయన్మార్ గురించి ఐదు అంశాల మీద ఒప్పందం చేసుకున్నాయి, అందులో మొదటిదే హింస ఆపాలని. రెండేళ్లకు, 2023 ఏప్రిల్ 11న, మయన్మార్‌లోని పాజీజీ అనే ఊళ్లో జనం గుమిగూడిన చోట సైన్యం విమానాలతో బాంబులేసింది, 150 మందికి పైగా పోయారు, అందులో చిన్నపిల్లలున్నారు.

ఇక ఆంక్షలు. ఇక్కడే పిల్లలు పొరపడతారు, అన్నీ ఒకటే అనుకుంటారు. 2003లో అమెరికా బర్మా (మయన్మార్ పాత పేరు) సరుకు మొత్తాన్నీ ఆపేసింది. బట్టల ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది ఆడపిల్లల ఉద్యోగాలు పోయాయి, జనరల్స్ మాత్రం కదల్లేదు. మిల్లు మూతపడితే వాడలకు వాడలు ఏమైపోతాయో ఆజంజాహి మిల్లు చూసిన వరంగల్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో యూరప్ అక్కడి ప్రభుత్వ చమురు, గ్యాస్ సంస్థను జాబితాలో పెట్టడం వేరే సంగతి, అది సైన్యానికి డాలర్లు వచ్చే దారి.

కాబట్టి నన్నడిగితే తేల్చేది ఒక్కటే: దెబ్బ ఎవరికి తగులుతోంది?

జగిత్యాల దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊరి అబ్బాయి ఒకడు బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని పోయి, థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోట్ దగ్గర రాత్రిపూట నది దాటించుకుపోయాక తేలింది మయన్మార్ వైపున్న మ్యావడీలో, మనుషుల్ని బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించే కాంపౌండ్‌లో. ఫోను గుంజుకున్నారు. వారానికోసారి రెండు నిమిషాలు మాట్లాడనిచ్చేవాళ్లు, ఆ రోజు వాళ్లమ్మ పొలానికి పోయేది కాదు, సిగ్నల్ పోతుందేమోనని డాబా మీదే కూర్చునేది. 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ ఆ ప్రాంతానికి కరెంటు, డీజిల్, ఇంటర్నెట్ ఆపేసింది. మామూలు ఇళ్లలోనూ చీకటి పడింది, అది తప్పే. కానీ ఏళ్లతరబడి కదలని ఆ ముఠాల కాపలాదారులు వారాల్లోనే వేలమందిని వదిలారు. మార్చిలో మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 500 మందికి పైగా మనవాళ్లను తెచ్చాయి, వాళ్లలో ఆ అబ్బాయి ఉన్నాడు. కరెంటు కట్ చేయకపోతే గేటు తెరుచుకునేది కాదు, అక్కడ మన ఎంబసీలు లేకపోతే విమానం దాకా చేర్చేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

అందుకే పొడిగించడం వైపే నా మొగ్గు, కాకపోతే పేర్లు, కంపెనీలు చూసి పెట్టిన ఆంక్షలను, అది కూడా ఎంబసీ తలుపులు తెరిచి ఉంచి. ఎంబసీ మూసేసి మొత్తం సంబంధాలు తెంచుకోవాలనే వాళ్లూ ఉన్నారు, చిక్కుకున్న పిల్లాడికి అప్పుడు ఎవరు దిక్కు? సైన్యాన్ని పంపాలనే మాట అసలు చర్చకే అక్కర్లేదు.

ఏటా గడువు పెట్టడం ఊరికే పోదు. పొడిగించే ప్రతిసారీ జాబితా మళ్లీ విప్పి ఎవరిని కలపాలి, ఎవరిని తీసేయాలి అని చూస్తారు. వచ్చే ఏప్రిల్‌లో నేను వెతికేది అందులో విమానాల ఇంధనం అమ్మేవాళ్ల పేర్లు ఇంకెన్ని చేరాయన్నదే, ఎందుకంటే పాజీజీ మీదికి వచ్చిన విమానం ఎవరో పోసిన ఇంధనంతోనే ఎగిరింది.