రెమెడియల్ మ్యాథ్స్‌కి నేను వేసే మార్కులు

టెన్త్ పరీక్షలు అయిపోగానే లెక్కల పుస్తకం తమ్ముడికిచ్చేసి, ఇక దీని మొహం చూడక్కర్లేదనుకున్నాను. ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత బీఫార్మసీ. తీరా మొదటి సెమిస్టర్ టైంటేబుల్లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ కనిపించేసరికి గుండె జారింది.

ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో ఉన్న ఏర్పాటే ఇది. బైపీసీ వాళ్లకు లెక్కలు, ఎంపీసీ వాళ్లకు బయాలజీ. లెక్కలకు ఇచ్చింది 30 గంటలు. పాక్షిక భిన్నాలు, లాగరిథమ్స్‌తో మొదలుపెట్టి మాత్రికలు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ దాటుకుని లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ దాకా వెళ్లాలి. రెండేళ్లు లెక్క ముట్టనివాళ్ల గురించి ఆలోచించి రాసిన సిలబస్ కాదది. నాలాంటి తెలుగు మీడియం వాళ్లకు ఇంకో చిక్కు. టెన్త్‌లో చదివిన సంవర్గమానాలే ఈ లాగరిథమ్స్ అని తెలియడానికి నాకు వారం పట్టింది!

దీని పరీక్ష యూనివర్సిటీ పెట్టదు, కాలేజీయే పెట్టుకుంటుంది. దాంతో మా కాలేజీలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. క్లాసులు సగం జరిగాయి. చివర్లో ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితా ఇచ్చారు, బట్టీ కొట్టి పాసయ్యాం.

ఆ బాకీ ఆరో సెమిస్టర్‌లో తీర్చాల్సి వచ్చింది, ఫార్మకోకైనటిక్స్‌లో, అంటే ఒంట్లో మందు కాలంతోపాటు ఎలా మారుతుందో లెక్కగట్టే సబ్జెక్టులో. రక్తంలో మందు 16 మిల్లీగ్రాములుంటే 4 గంటలకు 8, ఇంకో 4 గంటలకు 4. ఇంతవరకూ బాగానే ఉంది. దీన్ని సెమీలాగ్ గ్రాఫ్ (ఒక అక్షం మాత్రమే లాగ్ కొలతలో ఉండేది) మీద గీస్తే వంపు పోయి తిన్నని గీత ఎందుకొస్తుందో, దాని వాలును 2.303తో ఎందుకు గుణించాలో క్లాసులో సగం మందికి తెలీదు. ఇంటర్ కెమిస్ట్రీలోనూ ఈ 2.303ని మంత్రంలా వల్లెవేసినవాళ్లమే.

నన్ను గట్టెక్కించింది హాస్టల్లో పక్క గది ఎంపీసీ అమ్మాయి. మొదటి సెమిస్టర్‌లోనే మా మధ్య ఒప్పందం ఉండేది: నేను తనకు గుండె, కిడ్నీ బొమ్మలు వేసి చెప్పాలి, తను నాకు లాగ్ చెప్పాలి. అప్పుడు సగంలో వదిలేసింది మూడో ఏడాదిలో మళ్లీ పట్టుకున్నాం. "2.303 అంటే 10కి సహజ లాగే, 0.693 అంటే 2కి. సగం అవ్వడం అంటే 2తో భాగించడమే కదా, అందుకే హాఫ్ లైఫ్‌లో, అంటే మందు సగానికి తగ్గే సమయం లెక్కలో, 0.693 వస్తుంది" అని ఒక్క సాయంత్రంలో తేల్చేసింది. నాలుగు గంటల హాఫ్ లైఫ్‌కి మందు తగ్గే రేటు గంటకు 0.173 అని నా అంతట నేను లెక్కగట్టిన రోజు మెస్‌లో రెండు గులాబ్‌జామూన్లు ఎక్కువ తిన్నాను.

అందుకే సబ్జెక్టుకి పదికి ఆరు, మా దగ్గర చెప్పిన తీరుకి మూడు. కొత్తగా చేరేవాళ్లు లాగ్, గ్రాఫ్ వాలు, డిఫరెన్షియేషన్ అంటే మార్పు రేటు అన్న సంగతి, ఈ మూడింటి మీదే కూర్చోండి. లాప్లాస్ నాకు పరీక్ష హాలు బయట ఇంతవరకూ ఎదురుపడలేదు. హాస్టల్లో ఎంపీసీ వాళ్లు ఏ గదిలో ఉన్నారో మాత్రం మొదటి వారంలోనే కనుక్కోండి, వాళ్లకూ మీ బొమ్మలు కావాలి.